వేప సారంలో ముంచిన ఫిల్టర్: బ్యాక్టీరియా చచ్చింది సరే, వడపోత ఎందుకు చచ్చింది?

నూలుపోగు
ఫైనలియర్ ప్రాజెక్టు. మెడికల్ మాస్కు మధ్య పొరకి మొక్కల సారంతో యాంటీబ్యాక్టీరియల్ గుణం తేవాలని తీసుకున్నాం. వేపాకు పొడిని ఎథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో చిక్కబరిచాం. ఆ ముదురాకుపచ్చ ముద్దని మళ్లీ ఎథనాల్‌లో కరిగించి, మెల్ట్‌బ్లోన్ గుడ్డని (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌ని కరిగించి ఊది తీసిన సన్నపోగుల గుడ్డ, మాస్కు మధ్య పొర ఇదే) అందులో ముంచి ఓవెన్‌లో ఆరబెట్టాం. స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద పెడితే గుడ్డముక్క చుట్టూ మంచి జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) వచ్చింది. గైడ్ సార్ ఫొటో తీసి తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నారు.

తర్వాత కణాల వడపోత పరీక్షకి పంపాం. ముంచకముందు 95 శాతం దాటిన గుడ్డ, ముంచాక 60 దరిదాపుల్లోకి దిగిపోయింది. విచిత్రం ఏంటంటే గాలి ఒత్తిడి తేడా (గుడ్డ ఊపిరికి ఎంత అడ్డమో చెప్పే అంకె) దాదాపు మారలేదు. రంధ్రాలు పూడలేదు, గుడ్డ చిరగలేదు, చూడటానికి రంగు తప్ప తేడా లేదు. సార్ "సారం గాఢత పెంచి చూడు" అంటున్నారు. సబ్మిషన్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

మెల్ట్‌బ్లోన్_మావయ్య
ఎథనాల్. వేప పాపం ఏమీ చేయలేదు.

నూలుపోగు
కాస్త విడమరిచి చెప్పండి సార్. ఎథనాల్‌కి పాలీప్రొపిలీన్ కరగదు కదా?

మెల్ట్‌బ్లోన్_మావయ్య
కరగదు. పోయింది గుడ్డ కాదు, దాని మీదున్న చార్జ్.

మెల్ట్‌బ్లోన్ పోగులు సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల మందం ఉంటాయి. వాటి మధ్య ఖాళీలు ఇంకా పెద్దవి. జల్లెడలా ఆపాలంటే 0.3 మైక్రాన్ కణం సుఖంగా దాటిపోతుంది. అందుకే తయారీలో కరోనా డిశ్చార్జ్ (వైరస్ కాదు, అధిక వోల్టేజీ) కింద గుడ్డని నడిపించి పోగుల్లో స్థిర విద్యుత్తుని ఇరికిస్తారు. అలా చార్జ్ నిలబెట్టుకున్న పదార్థాన్ని ఎలక్ట్రెట్ అంటాం. పక్క నుంచి పోయే సన్నకణాన్ని పోగు లాక్కుంటుంది. ఊపిరికి అడ్డం పెరగకుండా వడపోత పెరగడంలో ఉన్న కిటుకు అదే.

ఆల్కహాల్ పోగులోకి పాకి ఆ చార్జ్‌ని చెల్లాచెదురు చేసేస్తుంది. 2020లో మాస్కుల కొరత వచ్చినప్పుడు వీటిని శుభ్రం చేసి మళ్లీ వాడొచ్చా అని చాలామంది పరీక్షించారు. అందులో ఒక అధ్యయనంలో 95 శాతం పైన ఉన్న మెల్ట్‌బ్లోన్, 75 శాతం ఆల్కహాల్ తగిలి ఆరాక 56 శాతానికి పడింది. ఒత్తిడి తేడా మాత్రం అలాగే ఉంది. నీ రిజల్టు అచ్చు దాని తమ్ముడే.

నమ్మకం కుదరకపోతే సారం లేకుండా ఉత్త ఎథనాల్‌లో ముంచిన ముక్కని పరీక్షకి పంపు.

సందేహాలరావు
అయితే ఎథనాల్ ఎందుకు, నీళ్లలో కషాయం కాచి ముంచితే సరి!

మెల్ట్‌బ్లోన్_మావయ్య
ముంచి చూడండి. పాలీప్రొపిలీన్ నీళ్లని దగ్గరికి రానివ్వదు. కషాయం పైన గోళీల్లా నిలబడి, గుడ్డని కాస్త వంచగానే దొర్లిపోతుంది. ఆరాక చూస్తే అక్కడక్కడా గోధుమరంగు మరకలు, మిగతా అంతా తెలుపు. తడవాలని సర్ఫాక్టెంట్ (సబ్బులాంటిది) చుక్క వేస్తే అప్పుడు తడుస్తుంది, చార్జ్ కూడా పోతుంది. ప్లాస్మా ట్రీట్‌మెంట్ చేసి తడిసేలా చేసినా అదే గొడవ. నీటిని ఇష్టపడే పోగు మీద చార్జ్ ఎక్కువ కాలం నిలవదు.

సందేహాలరావు
ముందు నుయ్యి వెనక గొయ్యి.

కషాయం_కాంతమ్మ
నా పేరు చూసి ఎవరూ నవ్వకండి, ఫార్మకాగ్నసీ (మొక్కల మందుల శాస్త్రం) నా సబ్జెక్టు. అమ్మాయీ/అబ్బాయీ, నీ సారంలో ఏముందో తెలుసా? "వేప సారం" అనేది ఒక పదార్థం కాదు. నింబోలైడ్, గెడునిన్ లాంటి లిమోనాయిడ్లు, ఫ్లేవనాయిడ్లు, టానిన్లు, క్లోరోఫిల్, చక్కెరలు, మైనం అన్నీ అందులో ఉన్నాయి. ఆకు లేతదా ముదురుదా, ఏ కాలంలో కోశారు, ఎలా ఎండబెట్టారు, అన్నిటినీ బట్టి పాళ్లు మారిపోతాయి. ఏదో ఒక మార్కర్ కాంపౌండ్ (సారానికి గుర్తుగా కొలిచే పదార్థం) పట్టుకుని హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) కొలవకపోతే, వచ్చే ఏడు జూనియర్లు ఇదే ప్రాజెక్టు చేసినప్పుడు వాళ్లకి జోన్ రాకపోవచ్చు.

ఇంకోటి. సారంలోని చక్కెరలు గాలిలో తేమని పీలుస్తాయి. మా ల్యాబులో ఒకసారి దానిమ్మ తొక్క సారం పూసిన నాన్‌వోవెన్ ముక్కల్ని జిప్ కవర్లో మర్చిపోయారు. తర్వాత తీసి చూస్తే అంచుల వెంట నల్లటి చుక్కలు, వాటి మీద బూడిదరంగు నూగు. బ్యాక్టీరియాని ఆపే గుడ్డ మీద బూజు కాపురం పెట్టింది!

నూలుపోగు
అబ్బాయినే మేడమ్. హెచ్‌పీఎల్‌సీ పక్క డిపార్ట్‌మెంట్లో ఉంది, అడుగుతాను. మావయ్య గారు చెప్పిన ఉత్త ఎథనాల్ ముక్క రేపే పంపుతున్నా.

పెట్రీప్లేట్
అందరూ వడపోత దగ్గరే ఆగారు. నాకు ఆ జోన్ మీదే అనుమానం.

గుడ్డ చుట్టూ జోన్ వచ్చిందంటే, దానిలోని పదార్థం తడి అగార్‌లోకి (ప్లేటులో బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) కారి బయటికి పాకిందని అర్థం. జోన్ పెద్దదైతే మందు బలమైనదని కాదు, బాగా పాకేదని కూడా కావచ్చు. మాస్కులో అగార్ ఉండదు. పొడి పోగు మీద, ఎండిపోతున్న తుంపరలో చిక్కుకున్న బ్యాక్టీరియాకి నీ వేప ఎలా చేరుతుంది? పైగా ఆ తుంపరలో లాలాజలం, మ్యూకస్ ప్రొటీన్లు ఉంటాయి. టానిన్లు ముందు వాటినే పట్టుకుంటాయి.

అంకెల్లో చెప్పాలంటే గుడ్డలకి ఉన్న ప్రామాణిక పరీక్షలు ఏఏటీసీసీ 100 గానీ ఐఎస్‌ఓ 20743 గానీ చెయ్యి. గుడ్డ మీద తెలిసిన సంఖ్యలో బ్యాక్టీరియా వేసి, 18-24 గంటలు ఉంచి, కడిగి తీసి ఎన్ని బతికాయో లెక్కపెడతారు. అది కూడా తడిలోనే జరుగుతుంది కాబట్టి మాస్కు పరిస్థితికి అచ్చంగా సరిపోదు, అయినా జోన్ కన్నా వంద రెట్లు నయం. ఇంకా ఒక్క స్టెఫ్ మీదే కాదు, క్లెబ్సియెల్లా లాంటి గ్రామ్ నెగటివ్ (అదనంగా బయటి పొర ఉన్న) బ్యాక్టీరియా మీద కూడా చూడు. వాటి బయటి పొరని దాటడం చాలా మొక్కల సారాలకి కష్టం. అందుకే పేపర్లలో స్టెఫ్ ఫొటో పెద్దదిగానూ, ఈ.కోలై ఫొటో చిన్నదిగానూ వేస్తారు :)

వేపకొమ్మ
ఎప్పుడూ ఇంతే, మొక్క అనగానే అందరూ కలిసి తొక్కేస్తారు. మొక్కల సారంతో ఫిల్టర్ చేసి చూపించినవాళ్లు ఉన్నారు. 2015లో కొరియా వాళ్లు సోఫోరా ఫ్లావెసెన్స్ అనే మొక్క వేరు సారాన్ని పాలిమర్ ద్రావణంలో కలిపి ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో (అధిక వోల్టేజీతో ద్రావణాన్ని పోగులుగా లాగడం) నానోఫైబర్లు, అంటే అతి సన్నపోగులు తీశారు. వడపోత 99.99 శాతం, స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ మీద 99.98 శాతం పనిచేసింది. అంటే పైన పూయడం దండగ కావచ్చు గానీ, పోగులోనే సారాన్ని కలిపితే దారి ఉంది. నూలుపోగు తమ్ముడూ, అధైర్యపడకు.

మెల్ట్‌బ్లోన్_మావయ్య
@వేపకొమ్మ ఆ పేపర్ మంచిదే, కాదనను. నానోఫైబర్ అంత సన్నగా ఉంటే చార్జ్ మీద ఆధారపడే పని తగ్గుతుంది, అది నిజంగా తెలివైన దారి. కానీ రెండు సంగతులు చూడండి. అది ఎయిర్ ఫిల్టర్ కోసం చేసినది, ముఖానికి కట్టుకునేది కాదు. వాళ్లు వాడిన పాలిమర్ పాలీవినైల్ పైరోలిడోన్, అది నీళ్లలో కరుగుతుంది. గంటల తరబడి తడి ఊపిరి తగిలే చోట ఆ పోగులు ఏమవుతాయో ఊహించుకోండి. మాస్కుకైతే పాలీలాక్టిక్ యాసిడ్ లాంటి నీటికి కరగని పాలిమర్ చూసుకోవాలి.

"పోగులోనే కలుపుదాం" అని మెల్ట్‌బ్లోన్ మెషీన్ దగ్గరికి మాత్రం పోవద్దు. అక్కడ పాలిమర్ కరుగు 230 డిగ్రీలు దాటి ఉంటుంది. వాములో ఉండే థైమాల్ మరిగేదే 232 దగ్గర. ఆకు సారం పోస్తే డై (పోగులు బయటికొచ్చే రంధ్రాల పలక) ముందు పొగ, వెనక మసి.

సందేహాలరావు
ఆ పొగ పీల్చుకుంటే మాస్కే అక్కర్లేదు, ఆవిరి పట్టినట్టు ఉంటుంది.

రాత్రిషిఫ్ట్
ఇంత సైన్సు నాకు తెలియదు. ఐసీయూలో నర్సుని. మాకు ఒకసారి ఎవరో డొనేషన్ కింద "హెర్బల్ మాస్కులు" పంచారు. పెట్టుకోగానే లవంగం వాసన గుప్పుమంది. మొదటి గంట బానే ఉంది. అర్ధరాత్రి దాటేసరికి ముక్కు చుట్టూ మంట, మా కొలీగ్‌కి బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు. ఇంకొకామెకి ఆస్తమా ఉంది, ఆవిడ పది నిమిషాల్లోనే తీసి పారేసింది. డబ్బా మీద ఏ సారం వాడారో, ఎంత వాడారో, ఏ పరీక్ష పాసైందో ఒక్క ముక్క లేదు. ఆకు బొమ్మ మాత్రం పెద్దది.

మీరు చేసేవాళ్లు దయచేసి ఒకటి గుర్తుపెట్టుకోండి. మాస్కు ఐదు నిమిషాలు పెట్టుకునే వస్తువు కాదు.

కషాయం_కాంతమ్మ
@రాత్రిషిఫ్ట్ లవంగంలో యూజినాల్. బ్యాక్టీరియాకి బాగానే పనిచేస్తుంది, చర్మానికి అలర్జీ కూడా తెస్తుంది. యూరప్‌లో కాస్మెటిక్స్ లేబుల్ మీద తప్పనిసరిగా చెప్పాల్సిన సువాసన పదార్థాల్లో అదొకటి. సహజం కాబట్టి హాని ఉండదు అనేవాళ్లకి గన్నేరు చూపించాలి.

పెట్రీప్లేట్
"సహజం" అంటే గుర్తొచ్చింది. గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం కథ తెలుసా ఎవరికైనా? ప్రకృతి ఇచ్చిన యాంటీబయాటిక్ అని ఊదరగొట్టారు. ఎయిర్ ఫిల్టర్ల మీద కూడా పూసి చూశారు. 1999లో జర్మనీ పరిశోధకులు మార్కెట్లో దొరికే ఆరు రకాలు తెచ్చి పరీక్షిస్తే ఐదు బ్రహ్మాండంగా బ్యాక్టీరియాని చంపాయి. ఆ ఐదింట్లోనూ బెంజెథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ క్రిమిసంహారకం దొరికింది. కొన్నిట్లో ట్రైక్లోసాన్, మిథైల్ పారాబెన్ కూడా. ఏమీ కలపని ఆరోది ఉంది చూశారూ, అది ఏమీ చంపలేదు.

సందేహాలరావు
😂😂 ఆరోది ఒక్కటే నిజాయితీపరురాలు.

నూలుపోగు
అప్‌డేట్. ఉత్త ఎథనాల్‌లో ముంచి ఆరబెట్టిన ముక్కకి కూడా వడపోత దాదాపు అంతే వచ్చింది. సారం ఉన్నా లేకున్నా తేడా లేదు. మావయ్య గారు చెప్పింది అక్షరాలా కరెక్టు. సార్‌కి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "స్టేటస్ తీసేయనా?" అన్నారు.

ఇంకో సంగతి అర్థం కాలేదు. అదే ముంచిన గుడ్డకి బీఎఫ్‌ఈ (బ్యాక్టీరియా ఉన్న తుంపరల్ని ఎంత శాతం ఆపుతుందో చెప్పే పరీక్ష) మాత్రం 97 దాటింది. కణాల పరీక్షలో ఫెయిలు, బ్యాక్టీరియా పరీక్షలో పాస్. ఏది నమ్మాలి?

క్యూసీ_బాబాయ్
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నా, ఇప్పుడు నా ఏరియాలోకి వచ్చారు.

రెండూ నిజమే. బీఎఫ్‌ఈ పరీక్షలో స్టెఫ్ ఉన్న తుంపరల సగటు సైజు 3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంత పెద్దవి చార్జ్ లేకపోయినా పోగుల్ని గుద్దుకుని ఆగిపోతాయి. కణాల పరీక్షలో వాడేవి దానికన్నా బాగా సన్నవి, వాటికి చార్జ్ కావాలి. కాబట్టి బీఎఫ్‌ఈ ఒక్కటే చూపించి "మా కోటింగ్ వల్ల వడపోత తగ్గలేదు" అనేవాళ్లని నమ్మొద్దు.

ఈ బీఎఫ్‌ఈలో సారం పూసిన గుడ్డలకి మరో మెలిక ఉంది. గుడ్డని దాటిన బ్యాక్టీరియా కింద అగార్ ప్లేట్ల మీద పడి, పెరిగాక కాలనీలు లెక్కపెడతాం. పూత సరిగ్గా అంటకపోతే ఆ సారం పొడి కూడా గాలితో పాటు ప్లేటు మీద రాలొచ్చు. అప్పుడు దాటిన బ్యాక్టీరియా అక్కడ పెరగక, గుడ్డే ఆపేసిందన్నట్టు లెక్క వస్తుంది.

మెడికల్ మాస్కుల యూరప్ ప్రమాణం ఈఎన్ 14683 ప్రకారం టైప్ 1కి బీఎఫ్‌ఈ 95, టైప్ 2కి 98 శాతం ఉండాలి. ఒత్తిడి తేడా ఈ రెండిటికీ చదరపు సెంటీమీటరుకి 40 పాస్కల్స్ లోపు. నీ 97తో టైప్ 2 రాదు. ఇవి అందరికీ తెలిసినవే. ఎవరూ పట్టించుకోనిది బయోబర్డెన్, అంటే వాడని మాస్కు మీదే ఉండే సూక్ష్మజీవుల లెక్క. గ్రాముకి 30 సీఎఫ్‌యూ (కాలనీగా పెరగగల సూక్ష్మజీవుల లెక్క) మించకూడదు. ఆకు పొడిలో మట్టి నుంచి వచ్చిన బాసిల్లస్ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రపోయే రూపం) దండిగా ఉంటాయి, ఎథనాల్ వాటిని చంపదు. యాంటీబ్యాక్టీరియల్ మాస్కు బ్యాక్టీరియా లెక్కలోనే ఫెయిలైతే ఎలా ఉంటుందో ఆలోచించు. సారాన్ని 0.2 మైక్రాన్ మెంబ్రేన్‌లో వడకట్టి వాడు.

పెట్రీప్లేట్
@క్యూసీ_బాబాయ్ ఆ ప్లేటు మెలిక సంగతి సూపర్. అందుకే ఏఏటీసీసీ 100లో కూడా కడిగే ద్రావణంలో న్యూట్రలైజర్ (సారం పనిని అక్కడితో ఆపేసే పదార్థం) వేయమంటారు.

ఊరికే_చదువుతున్నా
అసలు ప్రశ్న. ఫిల్టర్ బ్యాక్టీరియాని ఎలాగూ ఆపేస్తోంది. ఆగిపోయినదాన్ని చంపడం ఎందుకు? పెట్టుకున్నవాడికి ఏం లాభం?

వేపకొమ్మ
లాభం ఎందుకు లేదు? మాస్కు తీసేటప్పుడు చేత్తో ముట్టుకుంటాం. జేబులో పెట్టి మళ్లీ కట్టుకునేవాళ్లు ఎంతమంది! తడి, వెచ్చదనం ఉన్నచోట పట్టుబడిన బ్యాక్టీరియా బతికే ఉంటుంది, పెరుగుతుంది కూడా.

పెట్రీప్లేట్
వాడి పారేయాల్సినదాన్ని జేబులో పెట్టుకోవడం అలవాటు సమస్య. దానికి మందు కోటింగ్ కాదు, చెత్తబుట్ట. పైగా "ఇది క్రిముల్ని చంపేస్తుంది" అని డబ్బా మీద చూస్తే జనం రెండు రోజులు ఎక్కువ వాడతారు.

రాత్రిషిఫ్ట్
ఇద్దరూ కరెక్టే. ఆపకుండా మార్చుకోవడానికి మాస్కులు చేతిలో ఉంటే పెట్రీప్లేట్ గారి మాట. అవి లేని రోజులు కూడా చూశాం కదా. లోపలి వైపు గంటలు గడిచేకొద్దీ మన నోటి బ్యాక్టీరియాతోనే వాసన వస్తుంది. అది తగ్గినా నాకు చాలు, కానీ ఘాటు వద్దు.

మెల్ట్‌బ్లోన్_మావయ్య
ఈ ముక్కలోనే నూలుపోగుకి దారి ఉంది. చెయ్యి తగిలేది బయటి స్పన్‌బాండ్ (కాస్త లావు పోగుల మామూలు నాన్‌వోవెన్) పొరకి, ఊపిరి తగిలేది లోపలి పొరకి. ఆ రెండిటికీ చార్జ్‌తో పని లేదు. సారం వాటికి పట్టించు, మధ్య మెల్ట్‌బ్లోన్ జోలికి పోకు. స్పన్‌బాండ్ విడిగా ముంచి, పిండి, ఎథనాల్ చుక్క లేకుండా పూర్తిగా ఆరాకే మూడు పొరలూ కలిపి అల్ట్రాసోనిక్ వెల్డింగ్ చెయ్యి. తడి ఉండగా కలిపితే ఆ ఆవిరి మధ్య పొరకి తగులుతుంది. సారం రాలకుండా కైటోసాన్ లాంటి బైండర్ (పట్టి ఉంచే జిగురు) పలచగా వాడొచ్చు, అయితే ఒత్తిడి తేడా మళ్లీ కొలవాలి.

నేనైతే లోపలి పొర కూడా వదిలేసి బయటిదానికే పూస్తాను. చర్మానికి తగలదు, పీల్చే గాలికి కాస్త దూరంగా ఉంటుంది.

వేపకొమ్మ
ఇదిగో, ఇలా దారి చెప్పాలి గానీ. మావయ్యకి వేప చెట్టు నీడ దొరుకుగాక.

కషాయం_కాంతమ్మ
బయటి పొర అయితే వెలుతురు గుర్తుంచుకో. పసుపులోని కర్కుమిన్ గానీ వేపలోని అజాడిరాక్టిన్ గానీ వెలుతురు తగిలితే పాడవుతాయి. చేసిన రోజు పరీక్ష, ఎండలో ఉంచాక పరీక్ష, కవర్లో కొన్నాళ్లు నిల్వ ఉన్నాక పరీక్ష, మూడూ ఉండాలి. మొదటిది మాత్రమే ఉన్న పేపర్లు కోకొల్లలు.

క్యూసీ_బాబాయ్
రిపోర్టులో "వైద్య మాస్కు" అని రాసే ముందు ఐఎస్‌ఓ 10993 (వైద్య వస్తువులు ఒంటికి హాని చేస్తాయా అని చూసే ప్రమాణం) చూడు. కణాలకి విషమా, చర్మానికి మంటా, అలర్జీనా, కనీసం ఈ మూడూ తేలాలి. పూత ఏదైనా ఊపిరితిత్తుల్లోకి పోతుందా అన్న ప్రశ్న తప్పదు. 2021 ఏప్రిల్‌లో కెనడాలో గ్రాఫీన్ పూసిన మాస్కుల్ని వాడొద్దని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది ఇందుకే, ఆ రేణువులు పీల్చే ప్రమాదం ఉందని. తర్వాత పరిశీలించి జులైలో కొన్నిటికి అనుమతి ఇచ్చారు. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ మాస్కులకి నిబంధనలు సడలించినప్పుడు కూడా యాంటీమైక్రోబియల్ అని చెప్పుకునేవాటికి ఆ సడలింపు ఇవ్వలేదు. "బ్యాక్టీరియాని చంపుతుంది" అన్న ఒక్క వాక్యంతో పరీక్షల పట్టిక రెట్టింపవుతుంది, తెలుసుకో.

"యాంటీవైరల్" అన్న మాట మాత్రం రాయకు. దానికి పరీక్ష వేరు, ఐఎస్‌ఓ 18184.

సందేహాలరావు
ఇదంతా 17వ శతాబ్దంలోనే అయిపోయింది. ప్లేగు డాక్టర్లు పక్షి ముక్కు లాంటి మాస్కులో ఎండు మూలికలు, కర్పూరం కుక్కుకుని తిరిగేవాళ్లు. వాళ్లకి బీఎఫ్‌ఈ ఎంత వచ్చేదో.

పెట్రీప్లేట్
ప్లేగుని ముఖ్యంగా మోసేది ఎలుకల ఒంటి మీద ఉండే ఫ్లీ అనే చిన్న పురుగులు అయితే ముక్కుకి కట్టి ఏం లాభం. ఆ మైనం పూసిన పొడుగు కోటే కాస్తో కూస్తో కాపాడి ఉంటుంది.

ఊరికే_చదువుతున్నా
మా ఇంట్లో ఎన్95 మీద రెండు చుక్కలు యూకలిప్టస్ నూనె వేసుకుంటారు, ముక్కు దిబ్బడకి. అది పర్వాలేదా?

మెల్ట్‌బ్లోన్_మావయ్య
అయ్యో! ఎన్95లో ఎన్ అక్షరానికి అర్థమే నూనె రేణువుల్ని తట్టుకోదు అని. చార్జ్ మీద నూనె పూత వేస్తున్నారు మీరు. రుమాలుకి రాసి పీల్చి, తర్వాత మాస్కు కట్టుకోమనండి.

నూలుపోగు
ప్లాన్ మార్చాం. బయటి స్పన్‌బాండ్‌కి మాత్రమే సారం, మెంబ్రేన్‌లో వడకట్టి. మూడు రకాల నమూనాలు: ఏమీ చేయనిది, ఉత్త ఎథనాల్, సారం. స్టెఫ్, క్లెబ్సియెల్లా రెండిటి మీదా ఏఏటీసీసీ 100. పొరలు కలిపాక బీఎఫ్‌ఈ, కణాల వడపోత, ఒత్తిడి తేడా మళ్లీ. పాత మెల్ట్‌బ్లోన్ రిజల్టుని ఎథనాల్ కంట్రోల్‌తో సహా ఒక చాప్టర్‌గా పెట్టమన్నారు సార్. ఒక్క డౌటు, క్లెబ్సియెల్లా మీద ఏమీ రాకపోతే ఏం రాయాలి?

పెట్రీప్లేట్
ఏమీ రాలేదని రాయి. పట్టికలో స్టెఫ్ పక్కనే, అదే సైజు అక్షరాల్లో. న్యూట్రలైజర్ నీ సారాన్ని నిజంగా ఆపుతోందో లేదో ముందు విడిగా చూసుకో, లేకపోతే స్టెఫ్ అంకె కూడా నమ్మలేం. ఏది దొరుకుతుందో నీ ల్యాబులో అడిగి ఇక్కడ పెట్టు, పాళ్లు చెప్తాను.

నూలుపోగు
లెసిథిన్, ట్వీన్ 80 ఉన్నాయట.

పెట్రీప్లేట్
సరిపోతుంది. మెసేజ్ పెట్టాను చూడు.